కేళీలు ఏరిన అక్క

పోయిన ఆదివారం గగన్‌పహాడ్‌లో ఫ్యాక్టరీల వెనక ఉన్న చిన్న చర్చిలో, చనిపోయిన అక్క కోసం ఆదరణ కూటం జరిగింది. పాస్టరు గారు ఆమె జీవితం చదివి వినిపించారు. ఫలానా ఊళ్లో పుట్టారు, ఫలానా వారిని పెళ్లాడారు, ఇంతమంది బిడ్డల్ని కన్నారు, ప్రభువునందు నిద్రించారు. అన్నీ నిజాలే. కానీ వింటున్నంతసేపూ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఇందులో అక్క ఎక్కడుంది? చేలో ఒక్క పరాయి మొక్క కనిపిస్తే సద్ది కూడా సయించని మనిషి గురించి మాట్లాడుతూ, ఆ ముక్క ఎత్తకపోతే ఎలా?

తర్వాత ఆయన, "యూనివర్సిటీ నుంచి మేడం వచ్చారు, అమ్మ గురించి రెండు మాటలు చెబుతారు" అని నన్ను పిలిచారు. లేచి నిలబడ్డాను. పాఠాలు చెప్పి బతికేదాన్ని, నాకు వచ్చింది ఒక్క ముక్కే. "అక్క చాలా మంచి మనిషి" అని కూర్చున్నాను. ఎవరి గురించైనా అనగలిగే మాట అది. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు, నా మీద నాకే కోపం. ఆ కోపం ఆరకముందే ఇది రాస్తున్నాను.

రాజేంద్రనగర్ దగ్గర మా వ్యవసాయ యూనివర్సిటీ పొలాల్లో పనిచేసే ఆడవాళ్లకు అక్క పెద్ద. వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు, సార్లూ అలాగే పిలిచేవారు. నేను మొదటిసారి ఆమెను "ఇలా రండి" అని పిలిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గా అండి గిండి నాకొద్దు మేడం. మీ దిక్కు పెళ్లికొడుకును పిలిచినట్టు పిలుస్తున్నవు. అక్కా అను, సాలు."

మాది కృష్ణా నది అవతల. పరిశోధన కోసం ఇక్కడికొచ్చిన కొత్తలో నా మాట వినడానికి ఆ ఆడవాళ్లంతా పనిగట్టుకుని నన్ను ఏదో ఒకటి అడిగేవారు. నేను జవాబు చెబితే ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు. అక్క మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "ఈ పిల్ల కేళీ లెక్కున్నది" అని తేల్చేసింది. నాకు అర్థం కాక యాదమ్మను అడిగాను. ఆ ముఠాలో అక్కకు కుడిచెయ్యి యాదమ్మ. "తిట్టు కాదులే మేడం" అని, నన్ను విత్తనాల మడి దగ్గరికి తీసుకెళ్లి చూపించింది.

విత్తనం కోసం పండించే వరిలో అన్ని మొక్కలూ ఒక్క రకంవే అయి ఉండాలి. ఎక్కడినుంచో వచ్చి కలిసిన గింజ మొలిచి, మధ్యలో ఒకటి పొడుగ్గానో, ముందే పూతకొచ్చో, గింజకు ముల్లుతోనో నిలబడుతుంది. దాన్ని కేళీ అంటారు. కోతకు ముందే వాటిని వేళ్లతో సహా పీకి బయట పారేయాలి. ఆడవాళ్లు పక్కపక్కన వరసగా నిలబడి, మడిలో ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ ఏరుతారు. వరసకు కుడిపక్క కొసన అక్క. ఆమె అడుగు వేస్తే అందరూ అడుగు వేయాలి, ఆమె ఆగితే ఆగాలి.

ఏళ్ల తరబడి అదే పని చేసి చేసి, అక్కకు చేలోనే కాదు, లోకంలో ఎక్కడా కేళీ కనపడకూడదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మన భుజం మీద వేలాడే దారప్పోగు లాగేసేది. టీ కొట్టులో గ్లాసుల మధ్య స్టీలు లోటా ఉంటే తీసి పక్కన పెట్టేది. నేను గోంగూర కట్ట కొనుక్కుని బస్సుకోసం నిలబడితే, వచ్చి పండాకు తెంపి పోయేది. వాళ్ల మరిది కొడుకు పెళ్లిలో ఫొటో తీస్తుంటే, ముందు వరసలో నిలబడ్డ ఆరడుగుల మనిషిని "ఓ అన్నా, నువ్వు జర ఎనకకు పో" అని జరిపించింది. ఆయన పెళ్లికొడుకు పై ఆఫీసరట. ఆ ముచ్చట యాదమ్మ ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా నవ్వేది.

చర్చిలో కుర్చీల వరస సరిచేసేది కూడా ఆమే. ప్రార్థన జరుగుతుండగా కళ్లు మూసుకునే కాలితో కుర్చీని వరసలోకి నెట్టేదని వాళ్ల కోడలు చెప్పింది. అంత పట్టింపు ఉన్న మనిషి పాట మాత్రం అందరికంటే ఒక పాదం ముందు, ఒక మెట్టు పైన పాడేది. నేనొకసారి క్రిస్మస్ ఆరాధనకు వెళ్లి విన్నాను. బయటికొచ్చాక, "అక్కా, ఇవాళ పాటల్లో ఒక కేళీ వినపడింది" అన్నాను. ఆమెకు వెంటనే అర్థమైంది. "దేవుని మడిల ఎవ్వరు పీకరు బిడ్డా" అని దర్జాగా వెళ్లిపోయింది.

అప్పటికి నన్ను మేడం అనడం మానేసి బిడ్డా అంటోంది.

మా యూనివర్సిటీ చరిత్ర ఎవరైనా అడిగితే మేము కట్టిన భవనాల గురించి, విడుదల చేసిన రకాల గురించి చెబుతాం. అక్కకు వేరే చరిత్ర ఉండేది. ఆమె అత్త ఈ పొలాలకు గట్లు వేసినప్పుడు తట్టలు మోసిందట. అక్క కొత్త కోడలిగా అత్త వెంట పనికొచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి ఇంటినుంచీ ఎవరో ఒకరు ఇక్కడ నాటు వేసినవాళ్లో, కలుపు తీసినవాళ్లో ఉండేవారు. సార్ల పేర్లు వాళ్లకు అక్కర్లేదు. వరి సారు, కంది సారు, పురుగుల సారు. పురుగుల సారు అల్లుడు కూడా పురుగుల సారే అయితే చిన్న పురుగుల సారు. పండగకు ఇంటికి పిలిచేవారు, ఇంట్లో గొడవైతే పంచాయితీకి తెచ్చేవారు. కొత్త రకం ఏది తయారైనా మొదటి బస్తాలు పోయేది ఆ ఊళ్లకే. వాళ్లు ఏరిన విత్తనమే వాళ్ల పొలాల్లోకి వెళ్లేది.

ఒకసారి గట్టు మీద సద్ది తింటూ అడిగాను, ఒక్క మొక్క ఉంటే ఏమవుతుందక్కా, అంత పరేషాన్ ఎందుకు అని.

"నా పెండ్లయిన కొత్తల మా మామ ఏడనో సస్తగ దొరికిందని ఇత్తనం తెచ్చిండు. సగం పొలం పండి గింజ రాలుతున్నది, సగం పచ్చిగనే ఉన్నది. కోద్దామంటే పచ్చిది పోతది, ఉంచుదామంటే పండింది పోతది. మా అత్త పొలంల కూసొని ఏడ్చింది. కోసినమా, లేదా అంటే ఏం చెప్పాలె? ఆ ఏడు ఎట్ల ఎల్లిందో ఆ దేవునికే ఎరుక." పచ్చడి నంజుకుంది. "ఇగ ఈ ఇత్తనం మావోళ్లే ఏస్తరు గద. నా చెయ్యి పడ్డ మడిల కేళీ ఉన్నదని ఒక్కలు అనొద్దు."

అదీ ఆమెకు కావలసింది. దాని మీదే ఆమె తల ఎత్తుకుని తిరిగేది. యూనివర్సిటీ విత్తనం కొనడానికి మేళాకు వచ్చే రైతులు కూడా, "అక్క మడిదేనా?" అని అడిగేవారు. ఆ మాట విన్నరోజు ఆమె నడక కాస్త మారేది. నేను ఏడిపిస్తే ఒప్పుకునేది కాదు.

ఆ తర్వాత ఎయిర్‌పోర్టు వచ్చింది. శంషాబాద్ చుట్టూ భూములు పోయాయి, వెడల్పు రోడ్లు వచ్చాయి, చెలకల్లో ప్లాట్ల రాళ్లు నాటుకున్నాయి. ముఠాలో వయసు పిల్లలు ఒక్కొక్కరే ఎయిర్‌పోర్టులో తుడిచే పనికి, సామాన్లు సర్దే పనికి వెళ్లిపోయారు. నీడపట్టున పని, నెల జీతం, యూనిఫారం. ఎవరు మాత్రం కాదంటారు? అక్కను కూడా రమ్మన్నారు. ఒకరోజు వెళ్లి చూసొచ్చింది.

"ఎందుకు చేరలేదక్కా?"

"గక్కడ ఏరనీకి ఏమున్నది? నేలంత అద్దం లెక్కున్నది."

కానీ విమానాలంటే ఆమెకు గౌరవం. మడిలో నడుము ఎత్తినప్పుడల్లా దిగుతున్న విమానాల వైపు చూసి, "గవి చూడు, ఒకదాని ఎనక ఒకటి ఎంత సక్కగ వస్తయో. మీ పోరగాండ్లకు నేర్పు గట్ల నడవమని" అనేది. మా విద్యార్థులు మడుల గట్లు తొక్కి చిత్తడి చేస్తారని ఆమెకు తీరని కోపం.

ఇక అసలు సంగతికి వస్తాను.

నా పరిశోధన పూర్తిగా వేరే రకం మడిలో. రెండు వరి రకాలను కలిపితే వచ్చిన గింజల్ని నాటితే, వాటి పిల్లలు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి ముందు, ఒకటి వెనక, ఇలా ఏ రెండూ ఒకలా ఉండవు. ఆ గందరగోళంలోంచి పనికొచ్చే మొక్కను వెతుక్కోవడమే మా పని. ఆ వానాకాలం నా మడికి ఉల్లికోడు పట్టింది. మొవ్వు ఉల్లికాడలా గొట్టమైపోయి, కంకి రాకుండా చేసే పురుగు అది. దాదాపు అన్నింటికీ తగిలింది. మడి మధ్యలో ఒక పొట్టి మొక్కకు మాత్రం తగల్లేదు. పిలకలు నిండుగా వేసి, తన చుట్టూ ఏమీ జరగనట్టు నిలబడింది. దానికి ఎర్ర ఊలు దారం కట్టి, పొద్దునా సాయంత్రం వెళ్లి చూసి వచ్చేదాన్ని. మా ప్రొఫెసర్ గారు చూసి, "జాగ్రత్తగా చూసుకోండమ్మా, ఇలాంటిది మళ్లీ మళ్లీ దొరకదు" అన్నారు. ఆయన ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. నేను ఆ మాట ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

అక్క ముఠా అప్పటిదాకా విత్తనాల మడుల వైపే పనిచేసేది. ఆ ఏడు మనుషులు తగ్గడంతో, మా పరిశోధన మడుల పక్కన వేసిన విత్తనపు మడికి వాళ్లనే పంపారు. ఆరోజు మధ్యాహ్నం ఆడవాళ్లంతా సద్దికి కూర్చుంటే, అక్క మాత్రం తినడం మానేసి నా మడి వైపే చూస్తూ ఉందట. "ఏందే ఇది, మన బిడ్డ మడి గింత గలీజుగున్నది? ఎవ్వలు ఏరినట్టే లేదు. రేపు సార్లు చూస్తే పిల్లకు మాట రాదా?" అందట. యాదమ్మ వద్దన్నదట. వినలేదు. కూలిలేని పని, నా మీద ప్రేమతో చేసిన పని. మడిలో కాస్త ఎక్కువగా కనిపించిన ఒక తీరు మొక్కలే అసలు రకమనుకుని, మిగతావన్నీ పీకేసింది.

నేను మూడింటికి వచ్చేసరికి అక్క గట్టు మీద నిలబడి నాకోసం ఎదురు చూస్తోంది. మొహం వెలిగిపోతోంది.

"చూడు బిడ్డా, ఇప్పుడు ఎంత ముద్దుగున్నదో! నువ్వు చెప్పకున్న నేనే సాఫ్ చేసిన."

నా మడి నిజంగానే ముద్దుగా ఉంది. మధ్యమధ్య ఖాళీలతో, మిగిలిన మొక్కలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఎర్ర దారం కోసం వెతికాను. ఆమె కొంగు ముడి విప్పి ఆ దారం నా చేతిలో పెట్టింది.

"నీ దారం ఉండె దానికి. పాడైతదని ఇప్పి దాసిన."

అప్పుడు ఏడ్చాను. అరవలేదు, అరిచే ఓపిక లేదు. గట్టు మీద చతికిలబడి ఏడుస్తూనే చెప్పాను, ఈ మడిలో కేళీలే కావాలక్కా, ఆ పొట్టి మొక్క కోసమే నా చదువంతా అని. మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత, "పీకినయి ఏడున్నయే?" అని యాదమ్మ మీద అరిచింది. వేళ్లతో వచ్చిన వరి మొక్కను వెంటనే బురదలో పెడితే మళ్లీ బతుకుతుంది. ఆ ఆశ నాకూ కలిగింది. కానీ యాదమ్మ ఆ కట్టను అప్పటికే ఇంటికి పంపేసింది. ఏరిన మొక్కలు వాళ్ల బర్రెకు వేయడం ఎప్పుడూ ఉన్నదే.

ముగ్గురం ఆటో ఎక్కి వాళ్ల ఊరికి పోయాం. పాకలో బర్రె పడుకుని తీరిగ్గా నెమరు వేస్తోంది. ముందు నాలుగు పరకలు మిగిలి ఉన్నాయి. అక్క వంగి ఆ పరకలు ఏరి, ఒక్కొక్కటీ నాకు చూపించింది, ఇదా, ఇదా అని. ఏదీ కాదు. బర్రె మా ముగ్గురినీ చూసి చెవి విదిలించింది. నవ్వాలో ఏడవాలో తెలియని గడియలు మనిషికి కొన్నే వస్తాయి.

నేను ఏమీ అనకముందే అక్క తిరిగి యూనివర్సిటీకి వచ్చి, బురద కాళ్లతోనే ప్రొఫెసర్ గారి గదిలోకి వెళ్లింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"సారూ, పిల్ల తప్పు లేదు. నేనే పీకిన. ఎవ్వలు చెప్పలే, నా అంతల నేనే చేసిన. ఏమనాలంటె నన్నను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "జరిగిపోయిందమ్మా. మీరు కావాలని చేశారా ఏమిటి? ఈ మడికి వేసిన గింజలే కవర్లో కొన్ని మిగిలి ఉన్నాయి, మళ్లీ వేస్తాం. మీరు వెళ్లి కాళ్లు కడుక్కోండి" అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆరోజు ఇంకా పెరిగింది. ఆ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే నాకు పోయింది ఒక పంటకాలం. మిగిలిన గింజల్లో అలాంటి మొక్క దొరకలేదు, కొంచెం తక్కువదేదో దొరికింది, దానితోనే పట్టా వచ్చింది. అక్కకు జరిగిన నష్టమే పెద్దది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ ఏడు యాసంగి పంటలో అది బయటపడింది. విత్తనాల మడిలో వరస నడుస్తోంది. కుడిపక్క కొసన అక్క. ఒక కేళీ కనిపించింది. ఎప్పుడూ అయితే మాట్లాడుతూనే వంగి పీకి, చంకన పెట్టుకుని సాగిపోయేది. ఇప్పుడు ఆగింది. "యాదమ్మా, ఇది పీకాల్నా, ఉంచాల్నా?" అని అడిగింది. యాదమ్మ నవ్వులాట అనుకుంది. మళ్లీ నాలుగడుగులకు అదే ప్రశ్న. వరస మొత్తం ఆగడం, అందరూ నడుము మీద చెయ్యి వేసుకుని చూడటం, యాదమ్మ వచ్చి చెప్పడం, అప్పుడు పీకడం. పీకాక కూడా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకోవడం.

ఇంటి దగ్గరా అంతేనట. బియ్యంలో రాళ్లు ఏరమంటే చాట ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటోందని కోడలు చెప్పింది. చర్చిలో కుర్చీలు ఎలా ఉన్నవి అలాగే ఉంటున్నాయి. పాట కూడా అందరితో కలిసే పాడుతోందట. అది వినగానే నాకు భయం వేసింది.

నేను వెళ్లి మాట్లాడాను. నాకేమీ నష్టం లేదక్కా, నా పని బాగానే జరుగుతోంది, ఆ సంగతి మర్చిపో అన్నాను.

"నువ్వు మర్సిపోతవు బిడ్డా, సదువుకున్నదానివి, నీకు ఇంకో మొక్క దొరుకుతది. నేను ఇన్నేండ్ల సంది ఎన్ని పీకిన! అండ్ల మంచియి ఎన్ని పోయినయో ఎవ్వలకు ఎరుక?"

విత్తనాల మడిలో అలా ఉండదు, అక్కడ పీకినవన్నీ పీకాల్సినవే అని ఎంత చెప్పినా, ఆమె తల ఊపింది కానీ నమ్మలేదు. తను తలెత్తుకుని తిరిగిన పనిలోనే ఆమెకు అనుమానం పుట్టింది. దాన్ని మాటలతో తీసేయడం నావల్ల కాలేదు.

విత్తనం పరీక్షించే అధికారులు రావడానికి ఇంక ఒక్కరోజు ఉందనగా ఫారం సూపర్‌వైజర్ నా దగ్గరికొచ్చి మొత్తుకున్నాడు. ఆయన కూడా ఆ చుట్టుపక్కల మనిషే.

"మేడం, సగం మడి గూడ కాలేదు. రేపు వాళ్లొచ్చి కేళీలు చూస్తే ఇది ఇత్తనం కాదు, వడ్లు అని రాసిపోతరు. మల్ల ఊళ్లల్ల రైతులకు ఏం చెప్పాలె? అక్కను జర పక్కన కూసోమను. యాదమ్మను కొసకు పెడత."

"మీరు చెప్పండి ఆ మాట."

"నాతోని గాదు మేడం. నన్ను చిన్నప్పటి సంది ఎరుక ఆమెకు."

నేను మడి దగ్గరికి వెళ్లేసరికి ఆ మాట అక్కే అనేసింది. "నువ్వు నిలబడే కొసకు. నేను గట్టు మీద గడ్డి కోస్త" అని యాదమ్మను ముందుకు నెడుతోంది. యాదమ్మ కదలడం లేదు, కళ్లనీళ్లు పెట్టుకుంది. నన్ను చూసి అక్క ఎదురుగా ఉన్న ఒక మొక్కను చూపించింది. అది మిగతావాటికంటే జానెడు పొడుగుంది. గింజకు ముల్లుంది. దూరంనుంచి కూడా తెలిసిపోయే కేళీ.

"బిడ్డా, నువ్వే చెప్పు. ఇది పీకాల్నా, ఉంచాల్నా?"

అందరూ నా వైపు చూశారు. పీకు అనడం ఎంత పని? కానీ నేను చెప్పి పీకిస్తే, రేపట్నుంచి నన్ను పిలిపించుకోకుండా ఆమె మడిలోకి దిగదు. నాకు ఎక్కడిదో మొండితనం వచ్చింది.

"నాకు తెలీదక్కా" అన్నాను.

"నీకు తెల్వదా?"

"తెలీదు."

నేను అబద్ధం చెబుతున్నానని ఆమెకు తెలుసు. సూపర్‌వైజర్ ఏదో అనబోతే యాదమ్మ కసిరింది. పైనుంచి విమానం ఒకటి కిందికి దిగుతూ పోయింది. అక్క తల ఎత్తలేదు. ఆ మొక్క మొదట్లో చెయ్యి వేసి, తీసి, మళ్లీ వేసింది. అప్పుడు పీకింది.

గట్టు మీద పారేయలేదు. వేళ్ల బురద రాలకుండా రెండు చేతులతో పట్టుకుని నడిచొచ్చి నా చేతుల్లో పెట్టింది.

"గట్టిగ పట్టుకో. బురద రాలనియ్యకు. పొద్దుమీకి దాక ఉంచు. తప్పయితే మల్ల నాటుదం."

సరేనన్నాను. ఆమె వెళ్లి కొసన నిలబడింది. వరస కదిలింది. కాసేపటికి ఇంకొకటి తెచ్చి ఇచ్చింది, అదీ పట్టుకోమంది. తర్వాత ఇంకోటి. ఎవరినీ అడగడం లేదు, కానీ ఒక్కటీ పారేయడం లేదు. నా చీరంతా బురద. చేతులు చాలక ఒళ్లో పెట్టుకున్నాను, ఒళ్లు చాలక తడి గోనెసంచి పరిచి దాని మీద పేర్చాను. నేను ఆరోజు క్లాసుకు పోలేదు, ఎండలో గట్టు మీద ఆ మొక్కలకు నీళ్లు చిలకరిస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక ఆమె అడుగు వేగం పెరిగింది. ఆడవాళ్లు అందుకోలేక ఆయాసపడి తిట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ తిట్లు వింటుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పొద్దు వాలుతుండగా మడి అయిపోయింది. అక్క కాలువలో కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి గోనెసంచి ముందు కూర్చుంది. పీకినవాటిని ఒక్కొక్కటీ తీసి, కంకి చూసి, ఆకు చూసి పక్కన పెట్టింది. చివరిదాకా చూసింది. ఒక్కదాన్నీ మళ్లీ నాటడానికి తీయలేదు.

యాదమ్మ కాస్త దూరంలోనే నిలబడి, భయపడుతూ అడిగింది, "అక్కా, బర్రెకు కొంచవోనా?"

అక్క ఆ మొక్కలన్నీ కట్టగా కట్టి, ఎత్తి యాదమ్మ నెత్తిన పెట్టింది.

"కొంచపో" అంది.